రెండు గంటల చీకటి

మనవైపు రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతున్న రోజుల్లోనే ఇంగ్లండులో రాత్రి కరిగిపోతుంది. సూర్యుడు దిగంతం కిందికి 18 డిగ్రీలు దిగితే తప్ప ఆకాశం పూర్తిగా చీకటి పడినట్టు కాదు. జూన్ 21న మాంచెస్టర్‌లో నడిరాత్రి కూడా సూర్యుడు 13 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు, లండన్‌లో 15 దగ్గర. ఉత్తర అక్షాంశం 48న్నర డిగ్రీలు దాటిన ఏ ఊరికీ ఆ రోజు నిండు చీకటి ఉండదు. లండన్‌కి ఈ లోటు రెండు నెలలు, మాంచెస్టర్‌కి రెండున్నర నెలలు. అక్కడ స్థిరపడి, సొంత పెరట్లోంచి నక్షత్రాలనీ నెబ్యులాలనీ ఫొటో తీసే మనవాళ్ల మధ్య మే నెల రాగానే ఒక వాదన లేస్తుంది: సామాను సర్దెయ్యాలా, కొనసాగించాలా? ఆ వాదనకి ఇక్కడ ఒక అక్క గొంతూ ఒక తమ్ముడి గొంతూ ఇచ్చాను. అక్కది మాంచెస్టర్ శివారు, తమ్ముడిది లండన్, ఇద్దరి సొంతూరు బాపట్ల.

తమ్ముడు: మే నెల సగమైపోయింది, నేను టెలిస్కోప్‌ని తిప్పే మౌంట్ విప్పేసి పెట్టెలో పెట్టేశానక్కా. నువ్వు కూడా ఆ టెలిస్కోప్ లోపల పెట్టెయ్. ఆగస్టులో చూసుకుందాం.

అక్క: నేను మొన్ననే కదరా కొత్త ఫిల్టర్ బిగించి బయట పెట్టింది!

తమ్ముడు: దేనికి? చీకటేదీ? జూన్ మూడో వారంలో మీ ఊళ్లో పొద్దు గూకేసరికే పావుతక్కువ పది. మళ్లీ ఐదు కాకముందే ఎండ. మధ్యలో ఉన్నదాన్ని రాత్రి అనడమే ఎక్కువ.

అక్క: సూర్యుడు 12 డిగ్రీల కింద ఉండే సమయం రాత్రి పన్నెండు దాటిన పది నిమిషాల నుంచి రెండు దాటిన పది నిమిషాల దాకా ఉంటుంది. అంటే రెండు గంటలు. నాకు కావలసింది అదే.

తమ్ముడు: రెండు గంటల్లో ఏం ఒరుగుతుంది? ఫొటోలో నాయిస్ సగానికి తగ్గాలంటే ఎక్స్‌పోజర్ నాలుగింతలు కావాలి. డిసెంబర్‌లో ఒక్క రాత్రి నీకు పన్నెండు గంటల నిండు చీకటి. దానికి సరితూగాలంటే జూన్‌లో ఆరు రాత్రులు మబ్బు పట్టకుండా ఉండాలి. ఇంగ్లండులో!

అక్క: లెక్కలో తప్పు లేదు. కానీ డిసెంబర్ పన్నెండు గంటలూ మృగశిరవి, ఆర్ద్రవి. హంసరాశి అప్పటికి సాయంత్రమే పడమటికి వాలిపోతుంది. జూన్‌లో ఒంటిగంటకి అదే హంసరాశి తూర్పున అరవై డిగ్రీల ఎత్తున నిలబడి ఉంటుంది. ఉత్తర అమెరికా నెబ్యులా, వీల్ నెబ్యులా, క్రెసెంట్, అన్నీ ఆ పక్కనే.

తమ్ముడు: ఆగస్టులోనూ ఉంటాయి. సెప్టెంబర్‌లో ఇంకా బాగుంటాయి. ఎక్కడికీ పోవు.

అక్క: పోవు. కానీ ఆగస్టు, సెప్టెంబర్ చీకటిని నేను దేనికి ఖర్చు పెట్టాలన్నదే నా లెక్క. ఈ నెబ్యులాలు వెలిగేది రెండు మూడు రంగుల్లోనే కదా. హైడ్రోజన్ ఆల్ఫా 656 నానోమీటర్ల దగ్గర, ఎరుపు. ఆక్సిజన్ 501 దగ్గర, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య. సంధ్యవేళ ఆకాశంలో మిగిలేది చెదిరిన సూర్యకాంతి. నీలం ఎక్కువగా చెదురుతుంది, ఎరుపు తక్కువ. 450 దగ్గరి నీలంతో పోలిస్తే హైడ్రోజన్ ఎరుపు నాలుగోవంతు కూడా చెదరదు. దానికి తోడు నా ఫిల్టర్ మూడు నానోమీటర్ల సందు మాత్రమే వదిలి మిగతా కాంతినంతా ఆపేస్తుంది. అందుకే జూన్‌లో హైడ్రోజన్ మాత్రమే పోగు చేస్తాను. ఆగస్టు చీకటి వచ్చాక దాన్నంతా ఆక్సిజన్‌కి ఇస్తాను. నువ్వు రెండిటినీ ఆగస్టులోనే మొదలుపెడతావు. అక్టోబర్ మబ్బులు ముసిరేసరికి నీ ఆక్సిజన్ సగంలో ఉంటుంది.

తమ్ముడు: పుస్తకంలో చదవడానికి బాగుంది. కానీ తెల్లబడుతున్న ఆకాశం మీద తీసిన ఫ్రేమ్ ఎలా ఉంటుందో నేనూ చూశాను. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. ఆ వంకర సరిచేసుకుంటూ కూర్చోవాలి.

అక్క: నువ్వు చూసింది ఫిల్టర్ లేకుండా తీసింది. ఒక రాత్రి నా పక్కన కూర్చుంటే తెలుస్తుంది. పదిన్నరకి తలెత్తితే అభిజిత్తు లాంటి ఒకటి రెండు చుక్కలే కనిపిస్తాయి. పదకొండు దాటాక, ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లకి ధ్రువనక్షత్రం దొరుకుతుంది. అప్పుడు మౌంట్ ఇరుసుని ధ్రువానికి సరిచేస్తాను. పదకొండున్నరకి ఫోకస్. పన్నెండింటికి మొదటి ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్. లాప్‌టాప్ మీద ప్రతి ఫ్రేమ్ పక్కనా నేపథ్యం వెలుగు ఎంతో ఒక అంకె పడుతుంది. మొదటి ఫ్రేమ్‌లో అది పెద్దగా ఉంటుంది. రెండోదానికి కొంచెం దిగుతుంది. మూడోదానికి ఇంకొంచెం. ఒంటిగంట దాటిన పది నిమిషాలకి అట్టడుగుకి చేరి, రెండు మూడు ఫ్రేముల పాటు కదలదు. తరవాత మెట్టుమెట్టుగా మళ్లీ పైకి ఎక్కుతుంది. సూర్యుడు ఉత్తర దిగంతం కింద ఇటు నుంచి అటు దాటడం నాకు ఆ అంకెల్లో కనిపిస్తుంది. డిసెంబర్‌లో ఆ అంకె రాత్రంతా ఒకేలా ఉంటుంది, నేను లోపలికి పోయి పడుకుంటాను.

తమ్ముడు: మొదటి ఫ్రేములూ చివరి ఫ్రేములూ పారేస్తావన్నమాట.

అక్క: పారెయ్యను. స్టాకింగ్‌లో ఫ్రేములన్నిటినీ ఒకటిగా కలిపేటప్పుడు వాటికి తూకం తక్కువ పడుతుంది, అంతే. పైగా ఇంకో మాట. సూర్యుడు 12 డిగ్రీలు దిగాక నడినెత్తిన మిగిలే సంధ్యకాంతి కంటే మా ఊరి దీపాల వెలుగే ఎక్కువ. నువ్వూ నేనూ నగరాల మధ్య ఉన్నవాళ్లం. జూన్‌లో మనం పోగొట్టుకునేది చాలా తక్కువ. నిజంగా నష్టపోయేది చీకటి కోసం వేల్స్ కొండల దాకా వెళ్లేవాళ్లు.

ఈ మాట దగ్గర ఆగాలి. నిండు చీకటి కనుమరుగైందన్న దిగులు అందరిదీ ఒకే కొలతలో ఉండదు. గ్రామసీమలో ఉండి పాలపుంతని ఫిల్టర్ లేకుండా తీసేవాళ్లకి జూన్ నిజంగానే నష్టం. నగరంలో ఉన్నవాళ్లకి ఆ నష్టం ఏడాది పొడుగునా ఉన్నదే. సన్నని ఫిల్టర్ కొన్నదే వీధిదీపాల కోసం, అది సంధ్యకీ పనికొస్తుంది. అక్క వాదనలో నాకు బాగా బలమైనదిగా కనిపించింది ఇదే.

తమ్ముడు: సరే, ఇంకో దారి చెప్తాను. జూన్ 21 ఇక్కడ అతి చిన్న రాత్రి అయితే చిలీలో అదే అతి పొడవైన రాత్రి. అక్కడి ఎడారి ఆకాశం కింద అద్దెకిచ్చే టెలిస్కోపులున్నాయి. గంటకింత అని కట్టి, ఏం కావాలో రాసి పడుకో. పొద్దున లేచేసరికి పాలపుంత నడిబొడ్డు ఫైళ్లు నీ కంప్యూటర్‌లో ఉంటాయి. మాంచెస్టర్‌లో ఆ నడిబొడ్డు దిగంతానికి ఏడెనిమిది డిగ్రీల ఎత్తున, పక్కింటి కప్పు వెనకాల ఉంటుంది. ఆ ఫిల్టర్‌కి పోసిన డబ్బుతో ఎన్ని గంటలు వచ్చేవో లెక్కేసుకో.

అక్క: అద్దె టెలిస్కోపు తప్పని నేననను. దక్షిణాకాశం చూడాలంటే వేరే మార్గం లేదు కూడా. కానీ నా పెరటి మీదున్న ఆకాశం సంగతేమిటి? నీకొకటి చెప్పనా? 1887లో పారిస్‌లో ఖగోళశాస్త్రజ్ఞులు కూడి, ఆకాశం మొత్తాన్నీ ఫొటో తీసి పటం గియ్యాలని నిశ్చయించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఊరికొకటి పంచుకున్నారు. మీ లండన్ గ్రీనిచ్‌కి 64 డిగ్రీల నుంచి ఉత్తర ధ్రువం దాకా వచ్చింది. మన హైదరాబాద్‌కి ఏమొచ్చిందో తెలుసా?

తమ్ముడు: హైదరాబాద్ కూడా ఉందా?

అక్క: ఎందుకు లేదూ! నవాబ్ జఫర్ జంగ్ అని మనలాంటి ఔత్సాహికుడే, ఇంగ్లండులో టెలిస్కోప్ కొని తెప్పించుకుని 1901లో మొదలుపెట్టిందే నిజామియా అబ్జర్వేటరీ. ఖగోళ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వాళ్లది. మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు, తరవాత అది హైదరాబాద్ చేతికొచ్చింది. ఆ పట్టీ గ్రీనిచ్‌లో ఇరవై రెండు డిగ్రీలకి మించి లేవదు. హైదరాబాద్‌లో యాభై దాటి లేస్తుంది. ఎవరి అక్షాంశానికి ఏది బాగా కనిపిస్తుందో వాళ్లది అది. మే ఎండలూ జూన్ మబ్బులూ ఉన్న ఊరికి ఆ పని ఎందుకని ఎవరూ అనలేదు.

తమ్ముడు: అది పని పంచుకోవడం. వాళ్ల ప్లేట్లు లేకపోతే పటంలో ఖాళీ మిగిలేది. నువ్వు తీసే ఉత్తర అమెరికా నెబ్యులాని నీకంటే ముందే వేలమంది తీశారు. నువ్వు మానేస్తే ఎక్కడా ఖాళీ ఉండదు.

అక్క: వేలమంది తీసిన చోటే కదరా సోప్ బబుల్ దొరికింది! క్రెసెంట్ నెబ్యులాకి దగ్గర్లోనే, హంసరాశిలో. డేవ్ జురాసెవిచ్ అనే ఔత్సాహికుడు 160 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో 2007 జూన్ 19న, మళ్లీ 2008 జూలై 6న తీసిన ఫ్రేముల్లో ఉంది అది. గుండ్రంగా, పలచగా. అన్ని సర్వేల కళ్లూ దాటేసిన నెబ్యులా. తేదీలు చూడు, రెండూ నడివేసవివే.

తమ్ముడు: అతనుండేది కాలిఫోర్నియాలో అక్కా. అక్కడ జూన్‌లోనూ ఆరు గంటలకి పైగా నిండు చీకటి ఉంటుంది. నీ రెండు గంటల సంధ్యకి అది సాక్ష్యం కాదు.

అక్క: అది నిజమే.

తమ్ముడు: పాలపుంతే కావాలంటే మనూరే ఉందిగా. బాపట్లలో జూన్ 21న కూడా ఎనిమిది గంటల పైన నిండు చీకటి. మే నెలలో నాన్నతో మేడెక్కితే రెండున్నరకి పాలపుంత నడిబొడ్డు నలభై అయిదు డిగ్రీల ఎత్తున. ధనూరాశి మొత్తం కళ్లెదురుగా. సెలవు పెట్టి అటు పోరాదూ?

అక్క: పోయినప్పుడు తీస్తాను, తీశాను కూడా. కానీ అక్కడి కష్టం వేరు. మే రాత్రి పన్నెండింటికి కూడా ముప్పై డిగ్రీల వేడి. సెన్సార్ వేడెక్కితే కాంతి పడకపోయినా దానంతటదే ఎలక్ట్రాన్లు పుట్టిస్తుంది. ప్రతి ఆరేడు డిగ్రీలకి ఆ గోల రెట్టింపు అవుతుంది. పది డిగ్రీలున్న మాంచెస్టర్ రాత్రికీ ముప్పై ఉన్న బాపట్ల రాత్రికీ మధ్య ఎనిమిదింతల తేడా. చల్లబరిచే కెమెరా ఉంటే నయం. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఎక్స్‌పోజర్లు చిన్నవి చేసుకుని, మధ్యలో కెమెరాకి విరామం ఇచ్చి, అదే వేడిలో మూత పెట్టి డార్క్ ఫ్రేములు తీసుకోవాలి. దానికి తోడు సముద్రపు తేమ. పైగా మృగశిర కార్తె వస్తే మబ్బులు. అక్కడ రాత్రి పొడవే, కానీ వాడుకోగలిగేది మే నెల. ఇక్కడ రాత్రి పొట్టి, కానీ చల్లన. రెండు చోట్లా వేసవికి ఒక ధర ఉంది.

తమ్ముడు: నువ్వు ప్రతిదానికీ సమాధానం చెప్తున్నావు కానీ అసలు సంగతి దాటేస్తున్నావు. నిద్ర. పొద్దున తొమ్మిదింటికి నాకు మీటింగ్, నీకు పిల్లల్ని బడికి కారులో దింపే పని. రెండున్నరకి సామాను సర్ది మూడింటికి పడుకుని ఏడింటికి లేచి కారు తోలుతావా?

అక్క: పనిరోజుల్లో తియ్యను. శుక్ర, శనివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో మబ్బు లేకపోతే బాధగా ఉంటుంది, ఉండనీ.

తమ్ముడు మాట ఇక్కడ గట్టిది. పొట్టి రాత్రిలో పనికొచ్చే సమయమంతా మనిషికి గాఢనిద్ర పట్టే వేళలోనే ఉంటుంది. చలికాలంలో ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ముగించవచ్చు, జూన్‌లో ఆ వీలు లేదు. మౌంట్ దానంతటదే తిరుగుతుంది, కంప్యూటర్ దానంతటదే తీస్తుంది అని ఎంత చెప్పినా, రెండున్నరకి ఎవరో ఒకరు లేచి మూత పెట్టాల్సిందే. నిద్రలేని కళ్లతో స్టీరింగ్ పట్టుకోవడం కంటే ఏ నెబ్యులా ముఖ్యం కాదు.

అక్క: నిద్ర సంగతి వచ్చింది కాబట్టి, జూన్‌లో పగలు తీసేది కూడా ఉంది. పదిహేడు గంటల పగలు! సూర్యుడు గరిష్ఠ దశకి చేరాడని 2024 అక్టోబర్‌లో నాసా ప్రకటించింది, ఆ దశలో మచ్చలకి కరవు ఉండదు. టెలిస్కోప్ ముందు భాగానికి సౌరఫిల్టర్ బిగించి పొద్దున్నే, నేల వేడెక్కక ముందే తీస్తే గాలి కదలిక తక్కువ. ఫిల్టర్ ముందు మాత్రమే, ఐపీస్ దగ్గర కాదు. అది మర్చిపోతే కన్ను పోతుంది.

తమ్ముడు: ఇది ఒప్పుకుంటాను. కానీ అది రాత్రి కాదు.

అక్క: రాత్రిదే చెప్తాను విను. ఆగస్టు దాటితే దొరకనిది, చిలీలో అద్దెకి రానిది, బాపట్లలో ఎప్పటికీ కనిపించనిది ఒకటుంది. పదకొండు దాటాక ఉత్తరం వైపు చూడు. బ్రహ్మహృదయం దిగంతానికి పది డిగ్రీల ఎత్తున మినుకుమంటుంటుంది, ఈ అక్షాంశంలో అది అస్తమించదు. దాని చుట్టుపక్కల కొన్ని రాత్రుల్లో వెండి నీలం రంగులో అలలు అలలుగా మేఘాలు కనిపిస్తాయి. మామూలు మేఘాలైతే ఆ వేళకి నల్లగా ఉంటాయి. ఇవి వెలుగుతుంటాయి.

తమ్ముడు: నిశాదీప్త మేఘాలేగా. ఫొటోల్లో చూశాను.

అక్క: ఎక్కడుంటాయో తెలుసా? మన వాన మబ్బులు ఎంత ఎత్తున్నా పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్లు. ఇవి ఎనభై దాటిన ఎత్తున. అక్కడ గాలి దాదాపు లేదు. ఉల్కలు కాలిపోగా మిగిలిన ధూళి రేణువుల మీద నీటి ఆవిరి మంచుగా గడ్డకట్టి ఇవి ఏర్పడతాయి. దానికి సున్నాకి 120 డిగ్రీలకి పైగా కిందికి దిగిన చలి కావాలి. అంత చలి ఆ ఎత్తులో వేసవిలోనే వస్తుంది, శీతాకాలంలో రాదు. ధ్రువం వైపు వేసవి ఉన్నప్పుడు అక్కడి గాలి పైకి లేచి వ్యాకోచించి చల్లబడుతుంది. మనకి సూర్యుడు దిగిపోయినా ఆ ఎత్తుకి ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. సూర్యుడు దిగంతం కింద ఆరు నుంచి పదహారు డిగ్రీల మధ్య ఉన్నప్పుడే అవి కనిపిస్తాయి. జూన్‌లో మాంచెస్టర్ నడిరాత్రి సూర్యుడు 13 డిగ్రీల దగ్గరే ఆగుతాడుగా? నీకు లోటుగా తోచే ఆ అంకె వల్లే ఇక్కడ అవి రాత్రంతా కనిపించే వీలుంది.

తమ్ముడు: ...అది నాకు తట్టలేదు.

అక్క: 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. ఆ తరవాత యూరప్‌లో సాయంసంధ్యల్ని జనం జాగ్రత్తగా గమనించడం మొదలుపెట్టారు. 1885 వేసవిలో ఈ మేఘాల్ని గుర్తించి రాశారు. బెర్లిన్‌లో ఓటో జెస్సె వీటిని రెండు చోట్ల నుంచి ఒకేసారి ఫొటో తీసి, ఆ రెండు ఫొటోల తేడాతో ఎత్తు లెక్కకట్టాడు. 82 కిలోమీటర్లు. ఇన్నేళ్లకి ఉపగ్రహాలతో కొలిచినా దాదాపు అంతే. వీటికోసమే నాసా 2007లో ఎయిమ్ అనే ఉపగ్రహం పంపింది, 2023లో అది మూగబోయింది. ఇప్పుడు కింద నుంచి తేదీ, సమయం, దిక్కు రాసి పెట్టుకున్న ప్రతి ఫొటోకీ విలువుంది.

తమ్ముడు: అయినా అవి మేఘాలు. వాతావరణం. మనం తీసేది నక్షత్రాల్ని.

అక్క: ఉల్కధూళి మీద కట్టిన మంచు అది. సగం ఆకాశానిదే.

తమ్ముడు: దానికి మౌంట్ కావాలా?

అక్క: అక్కర్లేదు. ట్రైపాడ్, మామూలు లెన్స్, ఐఎస్ఓ 400, మూడు నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్. అంతకంటే పెంచితే అలలు చెరిగిపోతాయి, అవి కదులుతూనే ఉంటాయి.

తమ్ముడు: మరి నేను మొదట చెప్పిందే కదా, మౌంట్ లోపల పెట్టమని!

అక్క: మేఘాలకి వద్దన్నాను. హైడ్రోజన్‌కి కావాలి.

తమ్ముడు: మేఘాలు ఒప్పుకుంటాను. సూర్యుణ్ణీ ఒప్పుకుంటాను. ఆ రెంటికీ ఈ కాలమే సరైన కాలం. నెబ్యులా మాత్రం నువ్వు మొండికేసి తీస్తున్నావనే ఇప్పటికీ అంటాను. లెక్క కాగితం మీద బాగున్నంత మాత్రాన ఫ్రేమ్ బాగుంటుందని లేదు. రుజువు చూపించు.

అక్క: ఎలా చూపించమంటావు?

తమ్ముడు: ఒకే నెబ్యులా, అదే టెలిస్కోప్, అదే ఫిల్టర్. చంద్రుడు లేని రాత్రి, ఇరవై ఫ్రేములు జూన్‌లో తియ్యి, ఇరవై ఆగస్టులో తియ్యి. ఏ సవరణా చెయ్యకుండా స్టాక్ చేసి పక్కపక్కన పెట్టు.

అక్క: ఎత్తు కూడా ఒకటే ఉండాలి. ఆగస్టులో హంసరాశి నడినెత్తికి వచ్చినప్పుడు తీసి, జూన్‌లో అరవై డిగ్రీల దగ్గర తీసినదాంతో పోలిస్తే అన్యాయం. ఆగస్టు మూడో వారంలో అది పడమటికి వాలుతూ మళ్లీ అదే ఎత్తుకి రావడానికి రాత్రి రెండవుతుంది. అప్పుడే తీస్తాను.

తమ్ముడు: సరే. రెండు స్టాకులూ ఒకలాగే ఉంటే ఆ ఫిల్టర్ నేనూ కొంటాను.

అక్క: ఆగస్టుది స్పష్టంగా మెరుగైతే వచ్చే ఏడు నుంచి నా హైడ్రోజన్ కూడా ఆగస్టుకే మారుస్తాను. ఆక్సిజన్ ఎలాగూ పందెంలో లేదు, జూన్‌లో అది తియ్యకూడదని నేనే అన్నాను. నువ్వు జూన్ మూడో శుక్రవారం రైలెక్కి వచ్చెయ్. ఫ్రేముల పని కంప్యూటర్ చూసుకుంటుంది. మనం ఉత్తరం వైపు ఇళ్లు అడ్డం రాని చోటు వెతకాలి. ఒక్క ట్రైపాడ్ తెచ్చుకో చాలు.